చీర కడితే పద్మశ్రీ, చీర కడితే జైలు

మోసం చేసినవాడు దొరికిపోతే "వాని భాగోతం బయటపడ్డది" అంటాం. కోపంతో ఎగిరేవాణ్ని "ఎందుకట్ల చిందులు తొక్కుతున్నవ్" అంటాం. ఆడపిల్ల కాస్త హుషారుగా కదిలితే "ఏందా తైతక్కలు" అని ఇంట్లోనే కసురుతారు. 'స్వామిని' నుంచి వచ్చిన 'సాని' అనే మాట 'దొరసాని'లో ఉన్నంతసేపు గౌరవం. ఒంటరిగా వాడితే బూతు.

తెలుగు సాహిత్యం పాఠం చెప్పుకొని బతికేవాణ్ని కాబట్టి మాటల మీద నాకు అనుమానం ఎక్కువ. పైన చెప్పినవన్నీ ఆటకు సంబంధించిన మాటలే. భాగోతం ఆడి, చిందు తొక్కి, మేళం కట్టి బతికిన మనుషులు మన మధ్యే ఉన్నారు. వాళ్ల పనిని చెప్పే మాటలు తిట్లు ఎట్లా అయినయి? 'నాట్యం', 'అభినయం', 'నర్తనం' అనే మాటలు ఎందుకు తిట్లు కాలేదు? పోతన రాస్తే భాగవతం, ఊరి నడిబజార్ల ఆడితే భాగోతం.

పోయిన భాగంలో డప్పు గురించి రాసినప్పుడు చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇన్‌బాక్స్‌లో ఒకటే అడిగారు: "డప్పు కొట్టేది మగవాళ్లు. మరి ఆడేవాళ్ల సంగతేంది అన్నా?" ఈ భాగం ఆ ప్రశ్నకు జవాబు. ఎవరు ఆడొచ్చు, ఎవరు ఆడ వేషం కట్టొచ్చు, ఎవరు మగ వేషం కట్టొచ్చు, దేనికి బిరుదు వస్తుంది, దేనికి పోలీసులు వస్తారు? ఇది అభిరుచికి సంబంధించిన విషయం అనుకుంటాం. కాదు, దీనికి తేదీలున్నాయి, చట్టాలున్నాయి.

1

మన కథ చెప్పేముందు ఒక దూరదేశపు ఆట గురించి చెప్తాను. దూరంగా ఉన్నదాన్ని చూస్తే దగ్గరున్నది తేటగా కనబడుతుంది.

టాంగో మీకు సినిమాల్లోనో రీల్స్‌లోనో తగిలే ఉంటుంది. నల్ల సూటు వేసుకున్న మగవాడు, ఎర్ర గౌను వేసుకున్న ఆడమనిషి, ఒకరినొకరు దగ్గరగా పట్టుకొని ఆడతారు. మగవాడు నడిపిస్తాడు, ఆడమనిషి అనుసరిస్తుంది. చూస్తే ఏదో పెద్ద హోటల్లో పుట్టిన ఆటలా ఉంటుంది.

అది పుట్టింది 19వ శతాబ్దం చివర, దక్షిణ అమెరికాలో రియో దె లా ప్లాతా నది ఒడ్డున ఉన్న బ్యూనస్ ఎయిర్స్, మాంటెవీడియో అనే రేవు పట్టణాల పేద వాడల్లో. బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికన్ల 'కందోంబే' డోలు దెబ్బ, ఇటలీ నుంచీ స్పెయిన్ నుంచీ పని వెతుక్కుంటూ వచ్చిన వలస కూలీల పాట, అక్కడి పల్లెల సంగీతం, అన్నీ కలిసి టాంగో అయింది. వలస వచ్చినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. ఇరుకు గదుల లోగిళ్లలో, వేశ్యావాటికల్లో, వీధి మూలల్లో ఆడేవారు. మగవాడు మగవాడితోనే అడుగులు సాధన చేసేవాడు. అంటే ఇద్దరిలో ఒకడు 'అనుసరించే' అడుగు వేయాల్సిందే. వేశాడు కూడా. ఆకాశమేం విరిగిపడలేదు.

అర్జెంటీనా పెద్దింటివాళ్లు మొదట దాన్ని అసహ్యించుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఏండ్లల్లో అది పారిస్‌కు పాకి అక్కడ పిచ్చిలా అంటుకుంది. యూనిఫాంలో ఉన్న అధికారులెవరూ టాంగో ఆడొద్దని 1913లో జర్మనీ చక్రవర్తి విల్‌హెల్మ్ ఉత్తర్వు వేశాడు. చర్చి పెద్దలు పాపమన్నారు. కానీ పారిస్ ముద్ర పడ్డాక అదే ఆట అర్జెంటీనాకు తిరిగొచ్చి జాతి గౌరవమైంది. 2009లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ ప్రయాణంలో జారిపోయింది ఎవరు? 1800 ప్రాంతంలో బ్యూనస్ ఎయిర్స్ జనాభాలో దాదాపు మూడోవంతు ఆఫ్రికా మూలాలవాళ్లే. పోస్టర్ మీద వాళ్లు లేరు. మగవాడితో అడుగు కలిపిన మగవాడు లేడు. మగ బట్టలు వేసుకొని టాంగో పాడిన అసుసేనా మైసానీ లాంటి గాయని లేదు. సూటు, గౌను మిగిలినయి. 2001లో హాంబర్గ్‌లో 'క్వియర్ టాంగో' పేరుతో ఉత్సవం జరిపినవాళ్లు ఒకటే అన్నారు: ఎవరు నడిపించాలో, ఎవరు అనుసరించాలో పుట్టుక తేల్చదు, ఆడేవాళ్లు తేల్చుకుంటారు. కొత్తగా కనిపించే ఈ మాట ఆ పాత వీధి మూలలో ఉన్నదే.

ఇది ఎక్కడి ముచ్చటో అనుకోవద్దు. అచ్చంపేటలో పెండ్లి బరాత్‌ల మనం వేసే తీన్‌మార్ స్టెప్పు వెనక మన డప్పుతో పాటు హైదరాబాద్ మర్ఫా దెబ్బ కూడా ఉంది. ఆ మర్ఫాను తెచ్చింది నిజాం కొలువులో చేరిన ఆఫ్రికా సిద్దీలు, యెమెన్ అరబ్బులు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ బస్తీ పేరుకు అర్థం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. బరాత్‌ల ఎగిరే ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

2

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ముందు కోస్తా వైపు చూద్దాం, ఎందుకంటే 'తెలుగు నాట్యం' అని పుస్తకాల్లో రాసింది ఎక్కువగా అక్కడిదే.

గోదావరి జిల్లాల్లో కలావంతుల కుటుంబాల ఆడవాళ్లు మేళం కట్టి గుళ్లలో, జమీందార్ల ఇండ్లల్లో, పెండ్లిళ్లల్లో ఆడేవారు. క్షేత్రయ్య పదాలను కూర్చొని అభినయించడం వాళ్ల సొంత విద్య. మామూలు ఇండ్ల ఆడవాళ్లకు అక్షరం అందని కాలంలో వాళ్లకు సంస్కృతం, తెలుగు వచ్చు. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని ఆ నేపథ్యం నుంచే వచ్చి 'రాధికా సాంత్వనం' రాసింది. ఆడమనిషి కోరికను ఆడమనిషే చెప్పిన కావ్యం అది. వీరేశలింగం దాన్ని బూతు అన్నాడు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి అచ్చు వేయిస్తే, మరుసటి ఏడు బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. నిషేధం పోవడానికి 1947 దాకా పట్టింది. అదే శృంగారం మగ కవులు రాసిన ప్రబంధాల్లో నాకు ఎం.ఏ. సిలబస్‌లో వచ్చింది. చదివి పరీక్ష రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆడపిల్లలను గుడికి అంకితం చేయడాన్ని ఆపే చట్టం. దానికోసం ముత్తులక్ష్మీ రెడ్డి ఏండ్ల తరబడి కొట్లాడింది. ఆ చట్టం రావాల్సిందే. కానీ 1956 ఆగస్టులో ఆంధ్రలో దానికి చేసిన సవరణ ఇంకో అడుగు ముందుకేసింది. ఆ ఆడవాళ్లు పెండ్లిళ్లల్లో, వేడుకల్లో ఆడటమే నేరమైంది. బలవంతాన్ని ఆపడానికి మొదలైన చట్టం వాళ్ల చేతిలో ఉన్న విద్యను కూడా లాక్కుంది.

అదే 1956లో స్థానం నరసింహారావుకు పద్మశ్రీ వచ్చింది. గొప్ప నటుడు, అందులో నాకు అనుమానం లేదు. ఆయనకు పేరు తెచ్చిన వేషాలేమిటి? సత్యభామ, చింతామణి, మధురవాణి. చింతామణీ, మధురవాణీ ఎవరు? వేశ్యలని నాటకం చెప్పే ఆడవాళ్లు. ఒకే ఏడాదిలో ఒక సమాజం రెండు పనులు చేసింది. ఆ కులంలో పుట్టిన ఆడమనిషి పెండ్లి పందిట్లో ఆడితే కేసు పెట్టమంది. ఆమె నడక, ఆమె చూపు, ఆమె చీర కట్టు స్టేజీ మీద చూపించిన మగవాడిని ఢిల్లీకి పిలిచి సన్మానించింది.

కూచిపూడి సంగతి మీకు తెలిసిందే. కృష్ణా జిల్లాలోని ఆ ఊళ్లో బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లు తరతరాలుగా ఆడ వేషాలు కట్టారు. ఆ ఊరి మగపిల్లవాడు బతుకులో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలనేది సిద్ధేంద్ర యోగి పేరుతో చెప్పే కట్టుబాటు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా స్టేజీ ఎక్కితే జనం కన్నార్పకుండా చూసేవారు. 1970లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. ఆయన కట్టిన చీరను ఎవరూ వెకిలిగా చూడలేదు. అది భక్తి అన్నారు, కళ అన్నారు.

3

ఆ కాలంలోనే మన నేల మీద, చీర కట్టుకున్న ఇంకొందరికి ఏం జరిగిందో చూడండి.

అచ్చంపేట అప్పుడు హైదరాబాద్ సంస్థానంలో ఉంది. ఫసలీ 1329లో, అంటే 1919లో, నిజాం సర్కారు హిజ్రాల మీద ఒక చట్టం తెచ్చింది. 'యూనక్స్ యాక్ట్' అని దాని పేరు. ఆ పేరే ఒక అవమానం. దాని ప్రకారం హిజ్రాల పేర్లు సర్కారు రిజిస్టర్లో రాయాలి. పేరెక్కిన మనిషి ఆడ బట్టల్లోనో నగలతోనో వీధిలో కనిపించినా, బహిరంగ స్థలంలో ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, రెండేండ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. ఈ ఆలోచన నిజాంది కూడా కాదు. బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో ఇదే ఉంది. మన సంచార జాతులను పుట్టు దొంగలన్న చట్టమే హిజ్రాలను పుట్టు నేరస్తులంది. ఈ రెండు గాయాలూ ఒకే కాగితం మీద పుట్టినయని మరువొద్దు.

నిజాం పోయాడు, చట్టం పోలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, చట్టం ఉంది. 2014లో తెలంగాణ వచ్చింది, చట్టం ఉంది. అదే 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ట్రాన్స్ మనుషుల హక్కులను గుర్తించింది, అయినా ఉంది. ట్రాన్స్ ఉద్యమకారులు హైకోర్టుకెక్కి కొట్లాడితే, చివరికి 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. వందేండ్లు దాటింది.

లెక్క కట్టండి. 1970లో ఒక మగవాడు చీర కట్టి ఆడినందుకు రాష్ట్రపతి చేతుల మీదుగా పద్మశ్రీ. అదే రాష్ట్రంలో, తెలంగాణ జిల్లాల్లో, చీర కట్టి వీధిలో ఆడిన మనిషిని పట్టుకుపోవడానికి పుస్తకంలో చట్టం. చీర ఒకటే. కట్టిన మనిషి కులమేమిటి, ఆట అయిపోయాక ఆ చీర విప్పేసి మళ్లీ 'మగవాడు' అవుతాడా లేదా అన్నదే తేడా. వేషంగా కట్టుకుంటే కళ, బతుకుగా కట్టుకుంటే నేరం.

మన జాతరల్లో కూడా ఈ రెండు నాలుకలున్నాయి. ఎల్లమ్మకో మల్లన్నకో మొక్కి, ఆడ వేషంలో పూనకంతో ఆడే శివసత్తుల కాళ్లకు జాతర నాడు దండం పెడతారు. ఆ మనిషే మరునాడు కిరాయికి అర్ర అడిగితే ఖాళీ లేదంటారు.

4

నాటకరంగ చరిత్ర పాఠంలో ఒక వాక్యం ఉంటుంది. 'అప్పట్లో ఆడవాళ్లు రంగస్థలం ఎక్కేవారు కాదు, అందుకే మగవాళ్లు ఆడ వేషాలు వేసేవారు.' నేను చదువుకున్నదీ ఇదే, క్లాసులో పిల్లలకు విప్పి చూపేదీ ఇదే. ఈ వాక్యంలో 'ఆడవాళ్లు' అంటే ఎవరు? కలావంతులు ఆడుతున్నారు. సురభి కుటుంబాల ఆడవాళ్లు ఆడుతున్నారు. జోగినిలను జాతరల్లో ఆడిస్తున్నారు. చిందు ఆడవాళ్లు రాత్రంతా ఆడుతున్నారు. మరి ఎక్కనిది ఎవరు? పైకులాల ఆడవాళ్లు. వాళ్లు మాత్రమే ఆడవాళ్లయితే మన అమ్మమ్మలు ఎవరు?

చిందువాళ్లు మాదిగల ఆశ్రిత కులం. మాదిగ వాడలే వాళ్లకు పోషకులు, ఏ ఊళ్లు ఎవరివో తరాలుగా హక్కులున్నాయి. వాళ్లు చెప్పే జాంబపురాణంలో ఆది జాంబవుడు ఈ భూమి కంటే ముందు పుట్టిన పెద్ద. బ్రాహ్మణుడితో వాదానికి కూర్చుంటాడు. వాళ్ల ఆటలో కుటుంబమంతా ఉంటుంది. తండ్రి, తల్లి, బిడ్డ, కోడలు ఒకే బృందం. ఆడవాళ్లు ఆడ వేషమే కాదు, మగ వేషమూ కడతారు. కిరీటం పెట్టి, భుజకీర్తులు కట్టి, కాలికి గజ్జెతో నేల అదిరేటట్టు చిందు తొక్కుతారు. ఎల్లమ్మ వేషం కట్టిన చిందు ఆడమనిషికి ఊరు ఊరంతా మొక్కుతుంది.

నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ చిన్నప్పుడే వేషం కట్టి, ముసలితనం దాకా ఆడింది. ఆడ వేషమూ కట్టింది, మగ వేషమూ కట్టింది. 2005లో చనిపోయింది. మగవాడు సత్యభామ అయితే ఎంత గొప్పో పుస్తకాలకు పుస్తకాలు రాశారు. మాదిగ వాడల మధ్య బతికిన ఒక ఆడమనిషి రాజు వేషం కట్టి సభను శాసిస్తే, దానిలో లింగ భేదాన్ని దాటిన కళ ఎవరికి కనిపించింది? టాంగోలో ఆడమనిషి నడిపించొచ్చని 2001లో ఉత్సవం చేసుకోవాల్సి వచ్చింది. మన చిందు ఆడవాళ్లు ఉత్సవం, సిద్ధాంతం ఏదీ లేకుండానే తరాలుగా నడిపించారు.

మా ప్రాంతపు ఒక కాలేజీలో డిగ్రీ చదివే ఒక చెల్లె, కుటుంబ వృత్తి గురించి రాయమంటే 'కూలి' అని రాసింది. తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది: "మా నానమ్మ వేషం కట్టేది సార్. అది రాస్తే మా క్లాసోళ్లు నవ్వుతరు." ఆ పిల్లను ఏమీ అనలేం. భాగోతం, చిందులు, తైతక్కలు అనే తిట్ల మధ్య పెరిగింది. మన కాలేజీల వార్షికోత్సవాలు చూడండి. అతిథి వస్తే గేటు దగ్గర డప్పు. అతిథి కూర్చున్నాక స్టేజీ మీద కూచిపూడి. డప్పువాళ్లను గేటు దాటనియ్యరు. ఇన్విటేషన్ కార్డులో ఒకరి పేరు ఉంటుంది, ఇంకొకరిని 'డప్పు బృందం' అంటారు.

5

ఇక కష్టమైన విషయం. మన పాలమూరులో ఆట గురించి మాట్లాడుతూ జోగిని గురించి మాట్లాడకపోతే అది దొంగతనం.

నారాయణపేట, మక్తల్, ఊట్కూరు వైపు ఈ దురాచారం ఎట్లా వేళ్లూనుకుందో మీలో చాలామందికి ఇంట్లోనే తెలుసు. మాదిగ, మాల ఆడపిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చి పెండ్లి చేస్తారు. ఇక ఆమెకు మొగుడుండడు, ఊరి పెద్దమనుషులకు అడ్డుండదు. జాతరలో ఆడాలి. శవం ముందు ఆడాలి. ఎవరి ఇంట్లో చావైనా కబురొస్తే పోవాలి. అనంతపురం, కర్నూలు వైపు బసివి అన్నారు, చిత్తూరులో మాతమ్మ అన్నారు. పేరు మారింది, కులం మారలేదు.

కొందరు మేధావులు దేవదాసీని స్వేచ్ఛగా బతికిన స్త్రీ అని రాస్తున్నారు. కలావంతుల విషయంలో అందులో కొంత నిజముంది. వాళ్లలో కొందరికి చదువుంది, ఆస్తి ఉంది, విద్య మీద అధికారముంది. జోగినికి భూమి లేదు, అక్షరం లేదు, అన్నిటికంటే ముందు వద్దనే హక్కు లేదు. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టొద్దు.

1936 జూన్ 16న బొంబాయిలో దేవదాసీలు, పోతరాజులు, జోగిని ఆడవాళ్ల సభలో అంబేద్కర్ మాట్లాడారు. ఈ వృత్తి వదిలేయండి, మనతోపాటు గౌరవంగా బతకండని గట్టిగా చెప్పారు. 1980లలో నిజామాబాద్ జిల్లాలో హేమలతా లవణం జోగినిల మధ్య పనిచేశారు. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంకితం చేయడాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. కోస్తాలో 1947లో వచ్చింది మన దగ్గరికి నాలుగు దశాబ్దాలు ఆలస్యంగా వచ్చింది. కోస్తాలో ఆడవాళ్లను ఆడొద్దన్నారు. మన దగ్గర మాత్రం ఆ ఆడవాళ్లను శవాల ముందు ఆడమని పిలుస్తూనే ఉన్నారు. వద్దన్నదీ వాళ్లే, రమ్మన్నదీ వాళ్లే. ఆడే మనిషిని అడిగినవాళ్లు లేరు.

కాబట్టి మన వైఖరి తేటగా ఉండాలి. జోగిని వ్యవస్థ పోవాలి, ఒక్క పిల్ల కూడా మిగలకుండా పోవాలి. దాన్ని 'సంప్రదాయ కళ' అని ఎవరు రొమాంటిక్‌గా రాసినా అడ్డుకోవాలి. అట్లని ఆ ఆడవాళ్ల కాళ్లలో ఉన్న విద్య సిగ్గుపడాల్సింది కాదు. సిగ్గు వాళ్లను అట్లా ఆడించినవాళ్లది.

6

ఏ ఆటనైనా ముందు మూడు ప్రశ్నలతో చూడమని నా విద్యార్థులకు చెప్తాను. ఆడే మనిషికి 'నేను ఆడను' అనే హక్కు ఉందా? ఆడినందుకు వచ్చే పైసలు ఎవరి చేతికి పోతున్నయి? కార్డు మీద ఎవరి పేరుంది? జోగిని ఆట మొదటి ప్రశ్నలోనే పడిపోతుంది. మన కాలేజీ గేటు దగ్గరి డప్పు మూడో ప్రశ్నలో పడిపోతుంది. టాంగో పోస్టరూ అక్కడే పడిపోతుంది.

ఈ మూడు తేలాక, ఎవరు చీర కట్టాలి, ఎవరు కిరీటం పెట్టాలి, ఎవరు నడిపించాలి అన్నది ఆడేవాళ్ల ఇష్టం. మగపిల్లవాడు ఆడ వేషం కట్టాలనుకుంటే కూచిపూడిలో పుట్టాల్సిన పనిలేదు. ఆడపిల్ల రాజు వేషం కట్టాలనుకుంటే వేలమంది చిందు ఆడవాళ్లు ఆమె ముందు నడిచారు. ట్రాన్స్ మిత్రులు స్టేజీ ఎక్కాలంటే జాతర దాకా ఆగాల్సిన పనిలేదు.

ఈ సంక్రాంతి సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక పని చేయండి. మీ ఇంట్లో, మీ వాడలో ఆడిన ముసలవ్వ ఎవరైనా ఉంటే దగ్గర కూర్చోండి. ఏ వేషం కట్టింది, ఏ ఊళ్లకు పోయింది, కూలి ఎంతిచ్చారు, ఎక్కడ తిండి పెట్టారు, ఎక్కడ పెట్టలేదు, అన్నీ అడగండి. ఆమె సరేనంటేనే ఫోన్‌లో రికార్డు చేయండి. ఆమె వద్దంటే ఆపేయండి. ఆమెకు ఇన్నాళ్లూ లేని హక్కు అదే.

తర్వాత మీ కాలేజీ సాంస్కృతిక కమిటీకి ఒక కాగితం రాయండి. గేటు దగ్గరున్నవాళ్లను స్టేజీ మీదికి పిలవమని, పేరు రాయమని, పైసలు ఇవ్వమని.

వచ్చే భాగంలో జాంబపురాణం.

జై భీమ్.